ద్రాక్ష దేవుడి ఇంటిపేరు

నా మేనకోడలి సంబంధం రెండు నెలల పాటు ఆగిపోవడానికి కారణం నేను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ మావాళ్లు పదిమంది కలిసిన చోటల్లా ఈ కథను పదిరకాలుగా చెప్పుకుంటున్నారు కాబట్టి, అసలు జరిగిందేమిటో నేనే రాసిపెట్టడం మేలనిపించింది. వాళ్లు చెప్పే అన్ని కథల్లోనూ వెర్రిదాన్ని నేనే. నా కథలోనూ అంతే, కాకపోతే ఇందులో నాకు తోడు ఇంకొందరు ఉన్నారు.

మేము కోయంబత్తూరు తెలుగువాళ్లం. ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చామో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, కోపం వస్తే రెండూ. నేను బడిలో తమిళమే చదివాను. తెలుగు అక్షరాలు నలభై దాటాక పంతం పట్టి నేర్చుకున్నాను. మా ఇంటి మొత్తంలో దీన్ని చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి కాస్త ధైర్యంగా రాస్తున్నాను.

ఉండేది మదురైలో, మాట్టుతావణి బస్టాండు వెనక వీధిలో, ఒక్కదాన్నే. ముప్పై ఏళ్లు ఒక కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఆ ముప్పై ఏళ్లలో ఎవరు ఏ ప్రశ్న అడిగినా తెలియదని చెప్పిన పాపాన పోలేదు. తెలియనిది అడిగితే రేపు చెబుతానని, రాత్రంతా చదివి మర్నాడు చెప్పేదాన్ని. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. మా అన్న కూతురు మూడేళ్లు నా ఇంట్లో ఉండి మదురైలో ఫుడ్ టెక్నాలజీ చదివింది. నా వంట తిని, నా చీరలు కట్టుకుని, నాతో పోట్లాడి పెరిగిన పిల్ల. సొంత కూతురున్నా అంతకంటే దగ్గరగా ఉండేది కాదు.

మా ఇంటికి పెద్ద కోయంబత్తూరులో ఉన్న మా పెదనాయన. ఎనభై దాటాయి. నూలు మిల్లు కొడుకులకు అప్పగించి చాలాకాలమైనా, పొద్దున పది గంటలకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి తన పాత కుర్చీలో గంటసేపు కూర్చుని వస్తాడు. మా నాయన పోయాక మాకు ఆయనే అన్నీ. ఏ ఇల్లు ఏ ఇంటికి పంగాళి, ఏ ఇల్లు పెళ్లికి పనికొస్తుంది అనేదంతా ఆయన తలలో ఉంటుంది. పంగాళి అంటే దాయాది. దాయాదులు అన్నదమ్ముల లెక్క, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. మాలో సంబంధం మాట వస్తే ముందు అడిగేది ఇంటిపేరు. అది ఒకటైతే కాఫీ తాగి లేచి రావడమే. వేరైతే తర్వాతి ప్రశ్న కులదైవం. ఎందుకంటే వలస వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో ఊళ్లో దిగి ఆ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. ఒక్క తండ్రి బిడ్డలకు నాలుగు ఇంటిపేర్లు వచ్చాయి. "ఇంటిపేరు మారుతాది, దేవుడు మారడు" అన్నది పెదనాయన సిద్ధాంతం. కులదైవం కూడా వేరని తేలితే అప్పుడు రెండో కాఫీ వస్తుంది.

ఈ పెదనాయనే కొన్నేళ్ల కిందట మిల్లుల వాళ్లతో కలిసి ఐరోపా టూరు పోయివచ్చాడు. అందరూ గడియారాలు, చాక్లెట్లు తెచ్చుకుంటే ఈయన రోములో జానెడు బొమ్మ కొన్నాడు. తలమీద ద్రాక్ష ఆకులు, ఒక చేతిలో గుత్తి, ఇంకో చేతిలో గిన్నె, ఒంటిమీద ఏమీ లేదు. కింద ఇంగ్లీషు అక్షరాల్లో బాకస్ అని చెక్కి ఉంది. ద్రాక్షతోటలకు దేవుడని గైడు చెప్పాడట. సారాయికి కూడా దేవుడని ఆ గైడు చెప్పాడో లేదో, చెప్పినా పెదనాయన చెవిన వేసుకోలేదో తెలియదు. చుక్క ముట్టని మనిషి ఆ బొమ్మను హాల్లో షోకేసులో, మిల్లుకు వచ్చిన షీల్డుల మధ్య పెట్టాడు. మా పెద్దమ్మ దానికి మిల్లు గుడ్డ ముక్కతో చిన్న పంచె కట్టింది. శుక్రవారం పూజ అయ్యాక దానికీ కుంకుమ పెట్టేది. "దేవుడని చెప్పి కొనకొస్తిరి, బొట్టు లేకుండా ఎట్ల పెట్టేది" అనేది. చేతిలో గిన్నె పానకానిదని ఆమె నమ్మకం. నేను ఎందుకో ఆ ఒక్క విషయంలో నోరు మూసుకున్నాను. అన్ని విషయాల్లోనూ అలాగే ఉండి ఉంటే ఎంత బాగుండేది.

మేనకోడలు చదువు అయ్యాక బోడినాయకనూరు దగ్గర ఒక ద్రాక్ష రసం యూనిట్‌లో చేరింది. కొండ కింద పన్నీర్ ద్రాక్ష పందిళ్లు వేసే ఒక తెలుగు రైతు కుటుంబం వాళ్లది ఆ యూనిట్. ఆ ఇంటి అబ్బాయే దాన్ని నడుపుతున్నాడు. రసం తీసి, కాచి, సీసాల్లో నింపడం, అంతే. మత్తు పని ఏమీ లేదు. సీసా మీద అంటించే లేబుల్‌కి బొమ్మ కావాలని పిల్ల నాకు ఫోన్ చేసింది.

"అత్తా, ద్రాక్షకు దేవుడు ఎవరైనా ఉండారా?"

ఉండకేం, గ్రీకు దేవుడు డయోనిసస్ ఉన్నాడన్నాను. బొమ్మలు కూడా వెతికి పంపాను. అరగంట సేపు అతని కథంతా చెప్పాను. లేబుల్ మీద ఆకుల కిరీటంతో ముఖం, కింద ఆ పేరు అచ్చయ్యాయి. పిల్ల మొదటి సీసా ఫోటో నాకే పంపింది. నేను ఆ ఫోటోను నాకు తెలిసినవాళ్లందరికీ పంపాను.

తర్వాత ఏడాదికి ఆ ఇంటివాళ్లే సంబంధం అడిగించారు. పిల్లా, ఆ అబ్బాయీ ఒకరినొకరు ఇష్టపడ్డారని మాకు అర్థమైంది. పిల్ల వాళ్ల అమ్మతో కూడా చెప్పుకోలేదు గానీ నాతో చెప్పింది. "ఇది నిలవకుంటే నేను ఇంకెవరినీ చేసుకోను అత్తా" అంది. దాని గొంతు నాకు తెలుసు, ఉత్తినే అనే పిల్ల కాదు. ఇంటిపేర్లు చూశారు, వేరు. కులదైవం అడిగారు. మాది గంపమ్మ, వాళ్లది మలైయడి అమ్మన్, అంటే కొండ మొదట్లో ఉన్న అమ్మ. వేరు. అన్నకూ వదినకూ కూడా మనసు కుదిరింది. పెదనాయన సరే అన్నాడు, వాళ్లను ఇంటికి రమ్మన్నారు.

వాళ్లు అయిదుగురు వచ్చారు. అబ్బాయి, తల్లీతండ్రీ, మేనమామ, ఆయన భార్య. రెండు గంపల పన్నీర్ ద్రాక్ష, ఒక అట్టపెట్టె నిండా రసం సీసాలు తెచ్చారు. నేను మదురై నుంచి ముందురోజే వెళ్లాను. భోజనాల దగ్గర పెద్దమ్మ సాంబారు వడ్డిస్తూ, "మునగకాయ వేయలేదని అనుకోవద్దండి, మా ఇంట్లో మునగ వండం. అమ్మకు కాదు" అంది. గంపమ్మను తలమీద పెట్టుకుని వచ్చిన ముసలామె అలసిపోయి మునగచెట్టు కింద గంప దించిందనీ, కొమ్మ విరిగి మీద పడిందనీ, ఆ గంప మళ్లీ లేవలేదనీ, అందుకే మాకు మునగ నిషేధమనీ మా ఇంట్లో కథ. అబ్బాయి తల్లి ముఖం వెలిగిపోయింది.

"మా ఇంట్లో కూడా వండేది లేదండి! నేను వచ్చినప్పటినుంచి ఒక్కదినం కూడా వండలేదు."

అందరూ ఎంత మురిసిపోయారో. పద్ధతులు కూడా కలిశాయి, ఇంకేం కావాలి అంది వదిన. ఆ మాట మీద, మీ అమ్మలాగే మా కొండ కింది అమ్మ కూడా గంపలోనే వచ్చింది, దించితే మళ్లీ లేవలేదు అని అబ్బాయి తండ్రి చెప్పాడు. మళ్లీ అందరూ మురిసిపోయారు. పిల్ల వంటింటి తలుపు పక్కన నిలబడి నవ్వుకుంటోంది. నేను పాయసం రెండోసారి వేయించుకున్నాను.

అప్పుడు పెదనాయన కళ్లజోడు పెట్టుకుని సీసా చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. లేచి షోకేసు దగ్గరికి పోయి పంచె కట్టుకున్న బొమ్మను తెచ్చి సీసా పక్కన పెట్టాడు. అదే ఆకుల కిరీటం, అదే ముఖం.

"తంబీ, పేరు తప్పు వేసినారే. వీడు బాకస్ గదా. నేను రోములోనే కొనకొస్తిని."

అబ్బాయి మర్యాదగా చెప్పాడు. "లేదు తాతా, సరిగానే ఉండాది. టీచర్ అత్త చెప్పిన పేరే."

అందరూ నా వైపు తిరిగారు. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. ఇద్దరూ ఒకే రకం దేవుళ్లు, తినండి అని ఊరుకోవచ్చు. నేను అరిటాకు ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, పాఠం మొదలుపెట్టాను. ఇద్దరూ ఒకరేనన్నాను. గ్రీసు దేశంలో డయోనిసస్ అన్నారు, జనంతో పాటు సముద్రం దాటి రోముకు వచ్చాక బాకస్ అన్నారన్నాను. ఈ దేవుడే ఊరూరా తిరిగేవాడనీ, మన దేశం దాకా వచ్చాడని కూడా వాళ్ల కథల్లో ఉందనీ చెప్పాను.

"మన దేశానికా? ఏ ఊరికి వచ్చె?" అన్నాడు పెదనాయన.

ఊరు సంగతి కథలో లేదన్నాను. ఆయన సీసానూ బొమ్మనూ మార్చి మార్చి చూశాడు.

"అంటే, ఊరు మారితే దేవుని పేరు కూడా మారుతాదా?"

"మారుతుంది పెదనాయనా. దేవుడు ఒక్కడే, పేరే వేరు. కథ చూసి గుర్తుపట్టాలి, ఏమి పెడతారు, ఏమి పెట్టరు అనేది చూసి గుర్తుపట్టాలి." ఇంత చక్కగా క్లాసులో కూడా చెప్పి ఉండను.

పెదనాయన కళ్లజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సీసాను వదిలేసి అబ్బాయి తండ్రిని చూశాడు. మీ అమ్మ గంపలో వచ్చింది గదా అన్నాడు. అవునన్నాడు ఆయన. దించితే లేవలేదు గదా అన్నాడు. అవునన్నాడు. మునగ వండరు గదా అన్నాడు. ఆయన ఈసారి తల మాత్రం ఊపాడు. ఆయనకు అర్థమైపోయింది. నాకు ఇంకా అర్థం కాలేదు, చదువుకున్నదాన్ని కదా.

"అట్లయితే మీ అమ్మా మా అమ్మా ఒకటే. ఇక్కడ గంపమ్మ, అక్కడ అరవంలో ఇంకో పేరు. మనం పంగాళి అవుతాము. అన్నదమ్ముల బిడ్డలకు పెండ్లి ఎట్ల చేసేది?"

ఎవరూ రెండో కాఫీ తాగలేదు. వచ్చినవాళ్లు మర్యాదగానే లేచి వెళ్లారు. ద్రాక్ష గంపలు, సీసాలు హాల్లోనే ఉండిపోయాయి. నేను పెదనాయన వెంట పడ్డాను. గంపలో వచ్చిన అమ్మవార్లు ఈ జిల్లాల్లో సగం ఇళ్లకు ఉన్నారనీ, అందరి కథా అదేననీ చెప్పాను. ఆయన విన్నాడు. "కథ చూసి గుర్తుపట్టల్ల అని నువ్వే గదా చెప్తివి" అన్నాడు. నా మాటే తెచ్చి నా ముఖాన కొడితే నేనేం చెప్పను.

పిల్ల నాతో మాట్లాడలేదు. ఆ రోజు కాదు, తర్వాత కూడా కాదు. మదురై చేరాక ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. వారం తర్వాత ఒక మెసేజ్ మాత్రం వచ్చింది, తమిళంలో. ఇకమీద ఎవరైనా ఏదైనా అడిగితే తెలియదని చెప్పు అత్తా, అంతే. ఆ మెసేజ్ చూసి నేను ఏడ్చాను. కోపంతో ఏడ్చాను, ఎవరి మీద కోపమో తేల్చుకోలేక ఇంకా ఏడ్చాను.

కానీ అలవాటు పోతుందా. తెలియదని చెప్పడం కంటే ఇంకా ఎక్కువ తెలుసుకోవడం నయమనుకున్నాను. పాత పుస్తకాలన్నీ దించాను. నెలకు పైగా వెతికితే దొరికింది. రోము వాళ్లకు గ్రీకు దేవుడు రాకముందే ద్రాక్షకు సొంత దేవుడు ఉన్నాడు. పేరు లిబర్. తర్వాత వచ్చిన గ్రీకు దేవుడి కథలన్నీ ఈయనకు అంటగట్టారు. ఇంకో తమాషా, బాకస్ అనేది కూడా మొదట గ్రీకు వాళ్ల మాటే. అంటే అంతా ఒకటే అని చెప్పడానికి లేదు. ఊళ్లో ముందునుంచి ఒక దేవుడు ఉండగా, వచ్చినవాళ్లు తమ కథలు ఆయన మీద వేసి ఉండవచ్చు. అలాగే ఆ కొండ కింద ముందునుంచి ఒక అమ్మ ఉండగా, మనవాళ్లు వచ్చి గంప కథ ఆమెకు చెప్పి ఉండవచ్చు. కాబట్టి మన అమ్మ వేరు, వాళ్ల అమ్మ వేరు. ఎంత గట్టి వాదన! నాకు నేనే కాఫీ కలుపుకుని తాగి, మర్నాడే కోయంబత్తూరు బస్సెక్కాను.

పెదనాయన అంతా ఓపికగా విన్నాడు. లిబర్ పేరు రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. చివరికి అన్నాడు.

"సరి. వాండ్ల అమ్మ ముందునుంచి అక్కడే ఉండే అరవ అమ్మ. మనం తెచ్చిన అమ్మ కాదు."

"కాదు పెదనాయనా." గెలిచాననుకున్నాను.

"అప్పుడు అమ్మ వెంట గంప మోసుకొచ్చిన వాండ్లు ఎవరు? ఎవరూ లేరు. అంటే వాండ్లు మనవాండ్లే కాదు. నడుమ తెలుగు నేర్చుకొన్నోళ్లు."

నేను తల పట్టుకున్నాను. అమ్మలు ఒకటైతే వాళ్లు మాకు మరీ దగ్గర, పెళ్లి కుదరదు. వేరైతే వాళ్లు మాకేమీ కారు, అప్పుడూ కుదరదు. ఏ దేవుణ్ని ఎటు తిప్పినా పిల్ల పెళ్లి దగ్గరికే వచ్చి అడ్డం పడుతున్నాడు. "మీకు ఇష్టం లేకుంటే లేదని చెప్పండి, దేవుళ్లను ఏంటికి లాగుతారు" అని అరిచాను. పెదనాయన మీద గొంతెత్తడం అదే మొదటిసారి. ఆయనకు కోపం రాలేదు. బాధపడ్డాడు.

"నాకు ఇష్టం లేకేమి. ఆ బిడ్డ నేను ఎత్తుకొని పెంచిన బిడ్డ. తప్పు సంబంధం చేస్తిమని రేపు ఊరోళ్లు దాని ముఖాన అనకూడదు. అందుకే అడుగుతా ఉండాను. నువ్వు చదివిన దానివి, సరిగ్గా చెప్పు అంటే దినానికొకటి చెప్తావు."

అది నిజమే కాబట్టి ఇంకా కోపం వచ్చింది. మా అన్న అప్పటికి నోరు తెరిచాడు. ఇక్కడ కూర్చుని గ్రీకు, రోము అని కొట్టుకునే బదులు బోడికి పోయి ఆ ఇంటి పెద్దావిడను అడుగుదాం అన్నాడు. అబ్బాయి వాళ్ల అవ్వ. మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె మోకాళ్ల నొప్పితో రాలేదు. పెదనాయన సరే అన్నాడు.

కారులో పెదనాయన, అన్న, నేను. ఒట్టన్‌చత్రం మార్కెట్ దగ్గర రోడ్డు నిండా మునగకాయ కట్టల లారీలు. అరగంట కదలలేదు. కిటికీ పక్కనే మునగ కట్టలు ఆనుకుని ఉంటే పెదనాయన ముఖం ఇటువైపు తిప్పుకుని, అమ్మా తల్లీ అని గొణుక్కుంటూ కూర్చున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఆయన మెడ పట్టుకుని అటు తిప్పాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

బోడి దాటాక కొండ మొదట్లో వాళ్ల ద్రాక్ష పందిళ్లు. పందిళ్ల చివర నలుగురు నిలబడితే నిండిపోయే గుడి, అదే వాళ్ల మలైయడి అమ్మన్. గుడి ముందు అరుగుమీద అవ్వ కూర్చుని ఉంది. పెదనాయన కంటే రెండేళ్లు పెద్దదై ఉంటుంది. చెవులకు పాత బంగారు తమ్మెట్లు, చేతిలో కర్ర. మేనకోడలు ఆమె పక్కనే నిలబడి ఉంది, పనిలో నుంచి వచ్చినట్టు చేతులకు ద్రాక్ష మరకలు. నన్ను చూసి తల తిప్పుకుంది.

పెదనాయన దండం పెట్టి, కూర్చుని, ఒక్కొక్కటిగా అడగడం మొదలుపెట్టాడు. గంప సంగతి అడిగాడు. అవును, మా అత్త చెప్పేది అంది అవ్వ. ఎక్కడినుంచి వచ్చింది అని అడిగాడు. "పైనుంచి వచ్చె అంటారు. పైన అంటే ఎక్కడో నాకేమి తెలుసు, నేను చూస్తినా?" అంది. తర్వాత అసలు ప్రశ్న వేశాడు. మునగ ఎందుకు వండరు?

అవ్వ కర్ర పక్కన పెట్టి పకపకా నవ్వింది.

"అయ్యో, దానికా ఇంత దూరం వస్తిరి! మా అత్తకు మునగ ఒంటికి పడేది లేదు. తింటే మేనంతా దద్దుర్లు. ఆమె ఉన్నన్ని దినాలు భయపడి వండలేదు. ఆమె పోయినాక వండేది మరిచిపోతిమి. నా కోడలు అది ఏదో ఐతిగం అనుకొని ఉండాది, నేను చెప్పనూ లేదు."

ఐతిగం అంటే ఆనవాయితీ. పక్కన నిలబడ్డ కోడలు నోరు తెరిచి అత్తను చూసింది. ముప్పై ఏళ్లు మునగకాయ లేకుండా సాంబారు చేసిన మనిషి. నేను మా గంపమ్మ కథ గుర్తు చేసుకున్నాను. ఆ విరిగిన కొమ్మ, ఆ ముసలామె. మా ఇంట్లో ఎవరి అత్తకు దద్దుర్లు వచ్చాయో ఇప్పుడు ఎవరు చెప్పాలి.

పెదనాయన అంత తేలిగ్గా వదలలేదు. మునగ పోతే పోయింది, గంప ఉంది గదా, అమ్మ ఒకటైతే మనం పంగాళి గదా అన్నాడు. అవ్వ నవ్వు ఆపేసింది.

"మీ నాయన పోయినప్పుడు మాకు ఎవరైనా చెప్పి పంపిస్తిరా?"

"లేదు."

"మేము పదహారు దినాలు తీట్టు పడితిమా? మా వీట్టుకారరు పోయినప్పుడు మీరు తల గీయించుకొంటిరా? మీ ఇంట్లో బిడ్డ పుడితే మా ఇంట్లో పూజ నిలిచెనా?"

తీట్టు అంటే మైల, వీట్టుకారరు అంటే ఇంటాయన, భర్త. పెదనాయన తల అడ్డంగా ఊపాడు.

"చావుకు రాని వాండ్లు, పురుటికి రాని వాండ్లు పంగాళి ఎట్ల ఐతారండి? అమ్మ ఒకటే ఐతే ఐతాది, అమ్మ దగ్గరికి నాలుగిండ్ల వాండ్లు వచ్చేదే గదా. అన్నదమ్ములు అంటే తీట్టు పంచుకొనేవాండ్లు. అది లేని దగ్గర సంబంధం చేసుకోవచ్చు. మా కాలంలో ఇట్లదాన్ చూసేది."

పెదనాయన వేళ్లు మడుస్తూ పంగాళి ఇళ్లు లెక్కపెట్టుకున్నాడు. ఎనభై ఏళ్లుగా అందరి ఇళ్ల లెక్కా తలలో పెట్టుకున్న మనిషి, మైల లెక్క ఆయనకు నాకంటే బాగా తెలుసు. మా పంగాళి ఇళ్లలో ఎవరు పోయినా ముందు ఫోన్ వచ్చేది ఆయనకే. అది ఆయనకు తట్టకుండా చేసింది గ్రీకు దేవుడు, ఆ గ్రీకు దేవుణ్ని భోజనాల దగ్గరికి తెచ్చింది నేను. చివరికి లేచి అవ్వకు మళ్లీ దండం పెట్టాడు. "సరి సంబంధీ, తాంబూలం ఎప్పుడు మార్చుకొనేది చెప్పండి" అన్నాడు. అవ్వను వియ్యపురాలి వరసతో పిలిచాడంటే ఇక మాటే లేదు. పిల్ల ద్రాక్ష మరకల చేతులతోనే ముఖం కప్పుకుంది.

నాతో మాత్రం అప్పుడూ మాట్లాడలేదు. కారెక్కేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి ఒక సీసా నా ఒళ్లో పెట్టి పోయింది. లేబుల్ మార్చేశారు. బొమ్మ లేదు, దేవుడు లేడు. ఒక ద్రాక్ష గుత్తి, అంతే. సీసా ఒళ్లో పెట్టుకుని దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్లు పుస్తకాలు చదివిన నాకు తట్టనిది, బడి గడప తొక్కని ఆవిడ అరుగుమీద కూర్చుని నాలుగు ప్రశ్నల్లో తేల్చేసింది. కుళ్లుకున్నానని ఒప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

పెళ్లి కోయంబత్తూరులోనే జరిగింది. పెళ్లికొడుకు పిల్లకు తాళి కట్టాక, అందరూ మండపం మీద ఫోటోలకు నిలబడ్డారు. పెదనాయన చేతిలో ఒక పొట్లం పట్టుకుని వచ్చాడు. విప్పితే షోకేసులోని బొమ్మ. పెద్దమ్మ కొత్త పంచె కట్టింది, సన్నటి జరీ అంచుది, నుదుట కొత్త కుంకుమ. ద్రాక్షతోటకు పోయే పిల్లకు ద్రాక్షతోట దేవుడని కానుకగా ఇచ్చాడు. చుట్టూ బంధువులు మూగారు. ఈ కథ అప్పటికే అందరి ఇళ్లకూ చేరి ఉంది కాబట్టి ఎవరో వెనకనుంచి నవ్వుతూ అడిగారు.

"అవునూ, వీడూ ఆ సీసామీద వాడూ ఒకరేనా, వేరేనా? టీచరమ్మ ఉండారే, చెప్పమనండి."

పెదనాయన నా వైపు తిరిగాడు. ఆయనకూ తెలుసుకోవాలని ఉందని ముఖం చూస్తేనే తెలిసింది. పక్కన మెడలో మాలతో, పసుపు తాడుతో నా మేనకోడలు. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి నన్ను నేరుగా చూసింది. చూపులో బెదిరింపు ఉంది, బతిమాలడం కూడా ఉంది. లిబర్ నా నాలుక చివరన ఉన్నాడు. బాకస్ గ్రీకు మాటేనన్న సంగతి అక్కడున్నవాళ్లలో ఒక్కరికీ తెలియదు. రెండే రెండు వాక్యాల్లో చెప్పేయవచ్చు. గొంతు దాకా వచ్చింది.

"నాకు తెలీదు పెదనాయనా" అన్నాను.

"తెలీదా? ముప్పై ఏండ్లు పిల్లకాయలకు ఏమి చెప్తివి మరి?"

అందరూ ఘొల్లుమన్నారు. పిల్ల బొమ్మను మొగుడి చేతిలో పెట్టేసి, మాల నలిగిపోతున్నా చూసుకోకుండా వచ్చి నన్ను కరుచుకుంది.